యాకోబు ఫైలులో ఖాళీ గడి

2023 సెప్టెంబరు. కర్నూలులో గుండె జబ్బులకు చికిత్స చేసే ఒక ప్రైవేటు ఆస్పత్రి. అక్కడి మెడికల్ రికార్డ్స్ విభాగంలో నేను అప్పటికి పద్నాలుగేళ్లుగా కోడర్‌గా పనిచేస్తున్నాను. కింది అంతస్తులో, ఎక్స్‌రే గది వెనుక, కిటికీ లేని గది మాది. రోగులు మమ్మల్ని చూడరు, మేము రోగులను చూడము. మా దగ్గరికి వచ్చేవి కాగితాలే.

కోడర్ అంటే ఏం చేస్తాడని మా బంధువులు కూడా అడుగుతుంటారు. రోగి ఇంటికి వెళ్లాక డాక్టరు రాసిన డిశ్చార్జి సమ్మరీ మాకు వస్తుంది. అందులోని జబ్బు పేరు, చేసిన చికిత్స చదివి, ఐసీడీ అనే జబ్బుల పట్టికలో దానికి ఉన్న నంబరు వెతికి కంప్యూటరులో ఎక్కిస్తాం. గుండెకు రక్తం తీసుకుపోయే నాళాలలో కొవ్వు పేరుకుని దారి సన్నబడితే అది I25తో మొదలవుతుంది. ఛాతీ నొప్పి ఉందా, ఉంటే ఎలాంటిది అన్నదాన్ని బట్టి చుక్క తర్వాతి అంకెలు మారతాయి. మూసుకున్న నాళాన్ని బెలూనుతో తెరవడాన్ని యాంజియోప్లాస్టీ అంటారు; అలా తెరిచాక, మళ్లీ మూసుకోకుండా లోపల ఉంచే సన్నని లోహపు జాలి గొట్టాన్ని స్టెంట్ అంటారు. స్టెంట్ ఉన్న మనిషి ఆ తర్వాత జ్వరంతో వచ్చినా, కాలు విరిగి వచ్చినా, జబ్బు నంబరుతో పాటు Z95.5 కూడా వేయాలి. బెలూనుతో తెరిచి స్టెంట్ పెట్టకుండా వదిలేసిన మనిషికయితే Z98.61. ఈ రెండూ కలిపి వేయకూడదని పట్టికలోనే రాసి ఉంటుంది. ఒకటి ఉంటే రెండోది లేనట్టు.

ఈ నంబర్లు ఇన్సూరెన్సు కంపెనీల కోసమే అని చాలామంది అనుకుంటారు. మా ఆస్పత్రిలో అలా కాదు. నేను ఎక్కించిన నంబరు, దాని అర్థంతో సహా, రోగి పేరు తెరవగానే కంప్యూటరులో మొదటి పేజీలో కనిపిస్తుంది. రోగి తర్వాత ఎప్పుడు వచ్చినా డ్యూటీ డాక్టరు మొదట చూసేది దాన్నే. నూరు పేజీల ఫైలు తిరగేసే తీరిక ఎవరికీ ఉండదు.

నా గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే జరిగిన తప్పులో దానికి భాగం ఉంది. మా పూర్వీకులకు కర్నూలు నవాబుల కాలంలో ఇచ్చిన ఇనాం భూములు ఆత్మకూరు దగ్గర ఉండేవి. మా ముత్తాత కచేరీలోకి వస్తే తహసీల్దారు లేచి నిలబడేవాడని ఇంట్లో చెప్పేవాళ్లు. మా నాన్న నాటికి భూములు పోయి వ్యాజ్యాలు మిగిలాయి, నా నాటికి వ్యాజ్యాలు కూడా పోయాయి. మా వంశంలో ఇంకొకరి కింద నెల జీతానికి చేరినవాళ్లలో నేనే మొదటివాణ్ణి. చేరినప్పుడు నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను. నా పని నేను తప్పు లేకుండా చేస్తాను. ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడను. పద్నాలుగేళ్లలో నా కోడింగులో తప్పు దొరికిందని ఎవరూ అనలేదు. ఆ సంగతి నాకు బాగా గుర్తుండేది.

సమ్మరీలో ఏదైనా అస్పష్టంగా ఉంటే కోడర్ సొంతంగా ఊహించకూడదు. క్వెరీ చీటీ అనే చిన్న కాగితం మీద ప్రశ్న రాసి డాక్టరుకు పంపాలి. ఆయన జవాబు రాసి సంతకం పెట్టాలి. ఆ సంవత్సరం జూన్‌లో నేను ఒక చీటీ తీసుకుని మా గుండె డాక్టరు గారి గదికి వెళ్లాను. ఆయన వయసులో నాకంటే పదేళ్లు చిన్న. లోపల నలుగురు రోగులు, ఇద్దరు జూనియర్లు ఉన్నారు. ఆయన చీటీ చూసి, ఈ గుమాస్తా ప్రశ్నలకు నాకు టైము లేదు, సమ్మరీ చదువుకో అన్నారు. చీటీని బల్ల మీది నుంచి నా వైపు తోశారు. అది కింద పడింది. నేను దాన్ని తీసుకోకుండా వచ్చేశాను. ఆ తర్వాత మూడు నెలలు ఆయనకు ఒక్క చీటీ కూడా పంపలేదు. సమ్మరీలో ఏముందో అదే కోడ్ చేశాను. నియమం ప్రకారమే చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను.

జులైలో యాకోబు కాగితాలు నా ముందుకు వచ్చాయి. పేర్లు మార్చి రాస్తున్నాను. వయసు నలభై ఎనిమిది, పత్తికొండ పక్క పల్లె. జ్వరం, విరేచనాలతో రెండు రోజులు ఉండి వెళ్లాడు. పాత చరిత్రలో, ఏప్రిల్‌లో ఇదే ఆస్పత్రిలో గుండె నాళానికి యాంజియోప్లాస్టీ జరిగిందని ఉంది. నేను ఏప్రిల్ సమ్మరీ తెరిచాను. ఎడమ వైపు ముందు నాళం తొంభై శాతం మూసుకుంది, బెలూనుతో తెరిచారు అని ఉంది. దాని కింద 'స్టెంట్ వివరాలు' అనే గడి ఖాళీగా ఉంది. స్టెంట్ పెట్టలేదని లేదు, పెట్టారని లేదు. సమ్మరీ రాసిన జూనియర్ డాక్టరు ఆ గడి నింపడం మరిచిపోయాడు.

నాకు అప్పుడు రెండు దారులున్నాయి. చీటీ రాసి డాక్టరును అడగడం ఒకటి. మేడ మీది రికార్డు గదికి వెళ్లి కాగితాల ఫైలు తీసి చూడడం రెండోది. ఆ రోజు అటెండరు సెలవులో ఉన్నాడు. ఫైళ్లు మోసుకురావడం నా పని కాదని నేను అనుకునేవాణ్ణి. డాక్టరును ఎందుకు అడగలేదో పైన చెప్పాను. పట్టిక ప్రకారం, స్టెంట్ ఊసు లేని యాంజియోప్లాస్టీకి Z98.61 వేయవచ్చు. వేశాను. మొదటి పేజీలో 'గుండె నాళానికి యాంజియోప్లాస్టీ జరిగింది, స్టెంట్ లేదు' అని పడింది. ఆ పని మొత్తానికి నాకు నాలుగు నిమిషాలు పట్టి ఉంటుంది.

సెప్టెంబరులో యాకోబు మళ్లీ వచ్చాడు. ఈసారి గజ్జల్లో హెర్నియా. పేగు కిందికి జారే జబ్బు. బరువు ఎత్తితే నొప్పి. సర్జను ఆపరేషన్‌కు శుక్రవారం తేదీ ఇచ్చారు. దానికి వారం ముందు, మత్తు ఇవ్వవచ్చో లేదో చూసే పరీక్షలో డ్యూటీ డాక్టరమ్మ కంప్యూటరు చూసింది. స్టెంట్ లేదని ఉంది. నర్సు యాకోబును కూడా అడిగింది. అతను కూడా లేదన్నాడు. కంప్యూటరూ మనిషీ ఒకే మాట చెప్పాక అనుమానానికి చోటు లేదు. రక్తం పలచబరిచే మాత్రలు వేసుకుంటున్నాడు కాబట్టి ఆపరేషన్‌లో రక్తస్రావం కాకుండా అవి ఆపమన్నారు. యాకోబు రెండు రకాల మాత్రలూ ఆపేశాడు.

స్టెంట్ పెట్టిన మొదటి ఏడాదిలో ఆ మాత్రలు ఎందుకు ఆపకూడదో చెప్పాలి. లోపలి జాలి మీద శరీరం తన సొంత పొర కప్పుకోవడానికి నెలలు పడుతుంది. అంతవరకు ఆ లోహం మీద రక్తం గడ్డకట్టకుండా కాపాడేవి ఈ మాత్రలే. డాక్టరును అడగకుండా ఆపితే స్టెంట్ ఒక్కసారిగా మూసుకుపోవచ్చు. అలా మూసుకుంటే చాలామంది ఆస్పత్రి దాకా రారు.

ఆపరేషన్ల జాబితా మంగళవారం ఉదయం మా విభాగానికి వచ్చింది. జాబితాలో ఉన్నవాళ్ల పాత ఫైళ్లు తీసి థియేటరుకు పంపాలి. అటెండరు తెచ్చిన ఫైళ్లను నేను ఒక్కొక్కటి సరిచూసి సంతకం పెట్టాలి. యాకోబు ఏప్రిల్ ఫైలు తెరిచినప్పుడు, ప్రొసీజర్ నోట్ కాగితం కింది భాగంలో ఒక మరక కనిపించింది. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది, నాలుగు అంచులూ తిన్నగా ఉన్నాయి. దాని మీద దుమ్ము అంటుకుని ఉంది. వేలు పెడితే జిగురు తగిలింది.

ఆ మరక ఏమిటో మా ఆస్పత్రిలో పనిచేసేవాళ్లకే తెలుస్తుంది. స్టెంట్ వచ్చే డబ్బాలో దాని నంబరు, సైజు ముద్రించిన స్టిక్కర్లు కొన్ని ఉంటాయి. గుండెకు చికిత్స చేసే క్యాథ్ ల్యాబ్‌లో ఒకటి రిజిస్టరులో అంటిస్తారు, ఒకటి రోగి ఫైలులో, ఒకటి రోగికి ఇచ్చే కార్డు మీద. మా రికార్డు గది మేడ మీద రేకుల కింద ఉంది. మే నెలలో కర్నూలు ఎండకు ఆ గదిలో స్టిక్కర్ల జిగురు కరిగి, తర్వాత ఎండిపోయి, స్టిక్కర్లు ఊడి రాలతాయి. ఏటా వర్షాలు మొదలయ్యాక గది ఊడిస్తే అరల కింద దోసెడు స్టిక్కర్లు దొరుకుతాయి. ఏది ఎవరిదో తెలియక పారేస్తాం. అది అందరికీ అలవాటైన విషయం. నాకూ అలవాటైన విషయమే.

నేను లిఫ్టు కోసం ఆగకుండా క్యాథ్ ల్యాబ్‌కు మెట్లెక్కాను. టెక్నీషియన్ రిజిస్టరు తీశాడు. ఏప్రిల్ పేజీలో యాకోబు పేరు, పక్కన స్టిక్కరు. మందు పూత ఉన్న స్టెంట్ ఒకటి. పెట్టి అయిదు నెలలు. మాత్రలు ఆపి నాలుగు రోజులు.

గుండె డాక్టరు గారి గదికి వెళ్లాను. ఈసారి కూడా రోగులున్నారు. నేను బయట ఆగలేదు. రిజిస్టరు ఆయన ముందు పెట్టి, జులైలో ఈ రోగికి స్టెంట్ లేదని కోడ్ వేసింది నేను, ఆ కోడ్ చూసి మాత్రలు ఆపించారు, శుక్రవారం ఆపరేషన్ ఉంది అని చెప్పాను. ఆయన స్టిక్కరు చూశారు. సర్జనుకు ఫోన్ చేసి ఆపరేషన్ ఆపించారు. నన్ను చూసి, "మనిషికి ముందు మాత్రలు పడాల. తప్పు సంగతి తర్వాత" అన్నారు.

ఫైలులో ఉన్న ఫోన్ నంబరు స్విచ్ఛాఫ్‌లో ఉంది. అడ్మిషన్ కాగితంలో ఇంకో నంబరు లేదు. వృత్తి అన్న చోట 'హమాలీ, టమోటా మార్కెట్' అని ఉంది. మనిషిని పంపుదామా అని డాక్టరు అడిగారు. నేను వెళతానన్నాను. ఆయన రెండు రకాల మాత్రలూ ఎన్ని వేయాలో కాగితం మీద రాసిచ్చారు. ఫార్మసీలో తీసుకుని బస్సెక్కాను. పత్తికొండ చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది.

మార్కెట్‌లో ఉదయపు వేలం అయిపోయి లారీలకు లోడింగు జరుగుతోంది. నేను ఇస్త్రీ చొక్కాతో, చేతిలో ఆస్పత్రి కవరుతో నిలబడితే ఒక హమాలీ నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "సారూ, ఇంటికి రెండు కిలోలు కావల్లంటే అంగట్లో కొనుక్కోండి. ఈడ గంపల లెక్కనే" అన్నాడు. చుట్టుపక్కలవాళ్లు నవ్వారు. యాకోబు ఎక్కడ అని అడిగాను. తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక భారీ మనిషి ముందుకు వచ్చాడు. ఆ గుంపుకు మేస్త్రీ, పేరు మద్దిలేటి.

"వానితో ఏం పనప్పా?" అన్నాడు.

ఆస్పత్రి నుంచి వచ్చానని, ఆపరేషన్ తేదీ మారిందని చెప్పాను. రోగి జబ్బు సంగతి ఇంకొకరికి చెప్పకూడదన్నది మా పనిలో మొదటి నియమం.

"తేదీ చెప్పేదానికి సారే బస్సెక్కి వచ్చినాడా. కర్నూలు ఆస్పత్రోళ్లు ఇంత మర్యాదస్తులని తెల్దే" అన్నాడు మద్దిలేటి. కానీ చెయ్యి చూపించాడు.

యాకోబు షెడ్డు చివర కాయ ఏరుతున్నాడు. దోరవి ఒక గంపలోకి, పండినవి ఒక గంపలోకి. సన్నని మనిషి, భుజాలు మాత్రం గట్టివి. హెర్నియా వచ్చినప్పటి నుంచి బరువు ఎత్తలేక ఏరే పని చేస్తున్నాడు. అది ఆడవాళ్లు, ముసలివాళ్లు చేసే పని. ఆపరేషన్ అయితే దసరా నాటికి మళ్లీ లోడింగుకు ఎక్కవచ్చని అతని ఆశ. అసలు సీజను అప్పుడే.

నేను ఎవరో చెప్పి, నీ గుండెలో స్టెంట్ ఉంది కదా, లేదని ఎందుకు చెప్పావని అడిగాను. అతను నా మొహం చూడలేదు. నా భుజం మీదుగా మద్దిలేటి ఎంత దూరంలో ఉన్నాడో చూశాడు.

"ఈడ ఆ మాట ఎత్తాకండి సారూ. ఆ పొద్దు మద్దిలేటన్న నా పక్కనే ఉన్న్యాడు. నర్సమ్మ అడిగింది. నేనేం చెప్పల్ల?"

తర్వాత అతను చెప్పింది ఇది. గుంపులో ఒకడు ఆస్పత్రికి పోతే ఇంకొకడు తోడు పోవడం వాళ్ల ఆచారం. ఒంటరిగా పంపరు. తోడు పోయినవాడి ఆ రోజు పనిని మిగతావాళ్లు చేస్తారు. హెర్నియా పరీక్షకు మద్దిలేటే స్వయంగా వెంట వచ్చి, డాక్టరు గదిలోకి కూడా వచ్చి పక్కన నిలబడ్డాడు. యాకోబుకు అది గౌరవమే, కానీ నోరు కట్టేసింది. ఎందుకంటే ఏప్రిల్‌లో గుండెపోటులాగా నొప్పి వచ్చి స్టెంట్ వేయించుకున్న సంగతి అతను గుంపులో ఎవరికీ చెప్పలేదు. అప్పుడు మంగంపేటలో బావమరిది దగ్గర పని చూసుకుంటున్నానని చెప్పాడు. అతనికి, భార్య సువార్తమ్మకు, ఆ బావమరిదికి తప్ప ఎవరికీ తెలియదు. స్టెంట్ కార్డు సువార్తమ్మ ఇంట్లో బియ్యం డబ్బాలో దాచింది. ఆస్పత్రికి ఎప్పుడూ తీసుకురాలేదు.

దాచడానికి కారణం ఉంది. లోడింగులో ఇద్దరిద్దరు జతగా ఉంటారు. లారీకి ఆనించిన పలక మీద ఒకడు ముందు ఎక్కుతాడు, ఇంకొకడు కింది నుంచి గంప అందిస్తాడు. రెండేళ్ల కింద దస్తగిరి అనే హమాలీకి స్టెంట్ వేశారు. అతను తిరిగి వచ్చాక గుంపులో ఎవరూ వద్దనలేదు. కానీ పొద్దున జతలు కట్టేటప్పుడు అతని పక్కన ఎవరూ నిలబడలేదు. అట్లా పది రోజులు చూసి దస్తగిరే రావడం మానుకున్నాడు.

"స్టంటు ఏసినోనితో జత కట్టరు సారూ. వాడు పలక మీద పడితే ఆ పాపం జతగానికి వస్తాదంటారు. నాకు ఉండేది రెండెకరాల మెట్ట. వాన పడితే పండుతాది, లేకుంటే లేదు. ఈ పలక లేకుంటే నేను యాడికి పోవల్ల?"

నేను మాత్రలు తీసి ఇచ్చాను. అతను తీసుకోవడానికి చెయ్యి చాపలేదు. మాత్రలు వేసుకుంటే శుక్రవారం ఆపరేషన్ చేయరు కదా అన్నాడు. చేయరని చెప్పాను. ఇంకా ఏడు నెలలు చేయరని కూడా చెప్పాను. అతను మళ్లీ కాయ ఏరడం మొదలుపెట్టాడు.

పద్నాలుగేళ్లు నేను నంబర్లు వేసిన మనుషుల్లో ఒకరితో ఇలా ఎదురెదురుగా మాట్లాడడం అదే మొదటిసారి. పక్కనున్న ఖాళీ క్రేటు తిప్పి దాని మీద కూర్చున్నాను.

"చూడప్పా. నువ్వు లేదని చెప్పినా, కంప్యూటర్లో ఉండాదని ఉండింటే డాక్టరమ్మ నిన్ను నమ్మేది కాదు. మాత్రలు ఆపేది కాదు. కంప్యూటర్లో లేదని రాసింది నేను. అడగకుండా రాసినా. తప్పు నాది" అన్నాను.

యాకోబు చేతిలో కాయ అట్లాగే ఉండిపోయింది. తర్వాత దాన్ని గంపలో వేసి, "మీరు తప్పు రాసినారు, నేను అబద్దం చెప్పినా. ఇద్దరం ఒకే జత అయితిమి గదా సారూ" అన్నాడు. నవ్వు రాలేదు కానీ మాత్రలు తీసుకుని నీళ్లతో మింగాడు.

అప్పుడు అడిగాను, ఈ నాలుగు రోజుల్లో ఏమైనా ఇబ్బంది అనిపించిందా అని. "నిన్నట్నుంచి ఎదలో రవ్వంత బరువుగా ఉండాది. పొద్దున చెయ్యి గుంజినట్లాయ. గ్యాసు అనుకుంటి" అన్నాడు.

బయటికి వెళ్లి డాక్టరుకు ఫోన్ చేశాను. వెంటనే అక్కడి ప్రభుత్వ ఆస్పత్రిలో ఈసీజీ తీయించి ఫొటో పంపమన్నారు. యాకోబుకు చెబితే రేపు తనే కర్నూలు వస్తానన్నాడు. ఇప్పుడు పని మధ్యలో లేచి ఈసీజీకి పోతే పత్తికొండ అంతా తెలిసిపోతుందని అతని భయం. నేను బతిమాలాను. ఆ మాట రాయడానికి ఇప్పటికీ ఇబ్బందిగా ఉంది, కానీ అది బతిమాలడమే. అతను కదల్లేదు. మద్దిలేటికి నేనే చెప్పేస్తే పని అయిపోతుందని ఒక క్షణం అనిపించింది. అది నేను చెప్పవలసిన మాట కాదు. ఆ సంగతే యాకోబుకు చెప్పాను. నేను చెప్పను, చెప్పేదానికి నాకు హక్కు లేదు, చెప్పేది నువ్వే అన్నాను. నువ్వు లేచేదాకా ఈ క్రేటు మీది నుంచి నేను లేవను అని కూడా అన్నాను.

పది నిమిషాలు కూర్చున్నాం. చివరికి యాకోబే లేచి మద్దిలేటి దగ్గరికి నడిచాడు. నేను నాలుగడుగులు వెనుక ఉన్నాను. అతను తల వంచుకుని స్టెంట్ సంగతి, ఎదలో బరువు సంగతి రెండు ముక్కల్లో చెప్పాడు.

"వైశాఖం నుంచి శ్రావణం దాకా నాతోనే కదరా పలక ఎక్కింది. నువ్వు పడింటే కిందుండేది నేనే" అన్నాడు మద్దిలేటి.

"అవునన్నా."

"గంప మోయలేవు గానీ ఇంత అబద్దం ఎట్ల మోసినావురా?"

మద్దిలేటి తువ్వాలు విప్పి దులిపి మళ్లీ చుట్టుకున్నాడు. "పద, బండెక్కు. తిట్టేది తర్వాత తిడతా" అన్నాడు.

ప్రభుత్వ ఆస్పత్రిలో తీసిన ఈసీజీ ఫొటో చూసి మా డాక్టరు ఆలస్యం చేయకుండా తీసుకురమ్మన్నారు. అంబులెన్సు ప్రసవం కేసు మీద ఆదోని వైపు వెళ్లింది, ఎదురు చూడవద్దన్నారు. గుంపు వాళ్లు సగం ఎక్కించిన గంపలు దించి పికప్ బండి ఖాళీ చేశారు. ముందు సీటులో యాకోబు, నేను. వెనుక టమోటా రసం మరకల మీద మద్దిలేటి. దారిలో సువార్తమ్మకు కబురు పంపారు. సాయంత్రం ఆరున్నరకు ఆస్పత్రికి చేరాం. యాంజియోగ్రామ్‌లో స్టెంట్ తెరుచుకునే ఉంది, కానీ ఒక అంచున గడ్డ కట్టడం మొదలైంది. మందుతో కరిగించారు. ఇంకో రోజు ఆలస్యమై ఉంటే ఆ గడ్డ స్టెంట్‌ను పూర్తిగా మూసేసేదని డాక్టరు తర్వాత నాతో అన్నారు.

మరుసటి రోజు యాకోబు రికార్డులో Z98.61 తీసి Z95.5 వేశాను. మా సాఫ్ట్‌వేర్‌లో పాత కోడ్ చెరిగిపోదు. గీత కొట్టి, ఎవరు ఎందుకు మార్చారో పక్కన కనిపిస్తుంది. మా విభాగాధిపతి మంచి మనిషి. సమ్మరీలో గడి ఖాళీ, రోగి అబద్ధం చెప్పాడు, నియమం ప్రకారం నీ కోడ్ తప్పు కాదు, కారణం దగ్గర 'సమ్మరీ అసంపూర్ణం' అని రాయి చాలు అన్నాడు. అది నిజమే, కానీ సగం నిజం. 'డాక్టరును అడగలేదు, ఫైలు చూడలేదు' అని రాసి నా పేరు పెట్టాను. ఆ వారమే ఆస్పత్రి రెండు మార్పులు చేసింది. స్టెంట్ గడి నింపకపోతే సమ్మరీ ముద్రణ కాదు. ఆపరేషన్ ముందు పరీక్షలో పాత జబ్బులు అడిగేటప్పుడు తోడు వచ్చినవాళ్లను బయట కూర్చోబెడతారు. రెండోది నేను అడిగి చేయించినది.

డిసెంబరులో యాకోబు చెకప్‌కు వచ్చినప్పుడు దారి అడుక్కుంటూ మా గదికి వచ్చాడు. నన్ను చూడడానికి కాదు, నేను తన గురించి ఏం రాశానో చూడడానికి. స్క్రీను అతని వైపు తిప్పి చదివి చెప్పాను. ఇది నీ గుండె నాళాల జబ్బు. ఇది స్టెంట్ ఉందని. ఇది రక్తం పలచబరిచే మాత్రలు చాలాకాలం వేసుకోవాలని. అతను ప్రతిదానికీ తల ఊపాడు. గుంపు సంగతి అడిగాను. వెళ్లగొట్టలేదు. మద్దిలేటి శాశ్వతంగా కాయ ఏరే పని ఇప్పించాడు. కూలి సగం. ఆడవాళ్ల పక్కన కూర్చోవాలి. దసరాకు గుంపు వాళ్లు లారీకి పూజ చేసేటప్పుడు ఎప్పటిలా హమాలీల వరసలో నిలబడబోయి, తనే వెనక్కి వచ్చేశానని చెప్పాడు. నా మీద కోపం ఉందో లేదో అతని మాటలో తెలియలేదు. నేను అడగలేదు.

లేచేటప్పుడు స్క్రీను వైపు చూపించి, "దీనికి నంబరు లేదా సారూ?" అన్నాడు.

"దేనికి?"

"పలక దిగినోనికి."

నేను ఉందనే చెప్పాను. పట్టికలో నిజంగానే ఉంది. Z56 అంటే పనికి సంబంధించిన ఇబ్బందులు, Z56.1 అంటే పని మారవలసి రావడం. పద్నాలుగేళ్లలో నేను ఒక్కసారి కూడా ఆ నంబరు వాడలేదు, ఎందుకంటే మా ఆస్పత్రిలో ఏ డాక్టరూ ఆ సంగతి సమ్మరీలో రాయరు. కాగితంలో లేనిది మేము వేయకూడదు.

యాకోబు వెళ్లాక క్వెరీ చీటీ తీసుకున్నాను. 'ఈ రోగి గుండె జబ్బు వల్ల హమాలీ పని వదులుకున్నాడు. పని పోతుందన్న భయంతోనే సెప్టెంబరులో స్టెంట్ సంగతి దాచాడు. దీన్ని నమోదు చేస్తారా?' అని రాశాను. డాక్టరు చీటీ రెండుసార్లు చదివారు. ఇది ఎవరికి పనికొస్తుందని అడిగారు. విసుగుతో కాదు, తెలుసుకోవడానికే అడిగారు.

"తర్వాత చూసే డాక్టరుకు. ఏ మనిషి ఎందుకు లేదంటాడో ముందే తెలిస్తే, రెండోసారి అడుగుతారు" అన్నాను.

ఆయన పెన్ను తీసి సంతకం పెట్టారు. కిందికి వచ్చి ఆ నంబరు ఎక్కించాను. ఈ కేసు నాకు నేర్పింది అదే. నేను వేసే ప్రతి నంబరు వెనుక, ఆ మనిషి చెప్పడానికి వీలులేని ఒక మాట ఉండవచ్చు. అది కాగితంలో లేకపోతే లేదని అర్థం కాదు; అడగవలసినవాడు ఇంకా అడగలేదని అర్థం.